ఆఖరి ఉతుకు

నా పరిశోధనకి మా ఆయన శ్రీహరి పెట్టిన పేరు చాకలి పద్దు. పదకొండేళ్లు దాని మీదే కూర్చున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు "హైమ ఏం చేస్తోంది?" అని అడిగితే "బట్టలు ఎన్నిసార్లు ఉతికారో లెక్కపెడుతోంది" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల మండేది. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అందుకే మంట.

నూలు పోగు నీళ్లలో ఉబ్బుతుంది, ఎండలో ముడుచుకుంటుంది. ఉబ్బినప్పుడల్లా ఆ నీళ్లలోని సున్నం కాస్త లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. ఉతికిన ప్రతిసారీ ఒక గీత. మధ్యలో ఎవరైనా కట్టుకుంటే చెమట పొర, గంజి పెడితే గంజి పొర, రక్తం పడితే రక్తం పొర. ఉల్లిపాయలో ఉన్నట్టే. మా యంత్రం ఒక్క పోగు తీసుకుని, సన్నటి కాంతితో పై పొర నుంచి ఒక్కొక్కటీ ఆవిరి చేస్తూ, దేని తర్వాత ఏది వచ్చిందో చెబుతుంది. చదివిన పోగు మాత్రం మిగలదు.

పదకొండో ఏట అది పనిచేసింది. ఒక పేపరాయన వచ్చి ఫొటో తీసుకుని, ఏదైనా మంచి మాట చెప్పండి మేడం అన్నాడు. "మనిషి అబద్ధం చెబుతాడేమో గానీ బట్ట చెప్పదు" అన్నాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందే ఉంటుంది.

ఆ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని సూరన్న గారు కాకినాడలో మా ప్రయోగశాలకి వచ్చారు. ఎనభై ఆరేళ్ల మనిషి, పోస్టుమాన్‌గా చేసి దిగిపోయారు. కూతురు వరం చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు కాగితం తీసి నాకు చూపించారు.

"ఈ మాట తమరన్నదేనాండి?"

"నేనన్నదే."

"అయితే ఒక బట్టుందండి. దాన్ని తమరు అడిగి చెప్పాలండి."

అప్పుడు కూర్చున్నారు. ఆయన చెప్పింది, తర్వాత నేను కోర్టు కాగితాల్లో చదివింది కలిపితే సంగతి ఇదీ.

1951లో గౌతమి ఒడ్డున పెదరేవు అనే ఊళ్లో నరసింగం మాస్టారు హత్యకి గురయ్యారు. అందరి పిల్లల్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి చదువు చెప్పిన మనిషి. గురువారం పొద్దున్న పడవ రేవు దగ్గర శవం దొరికింది. పక్కనే రక్తం మరకలతో ఒక ఉత్తరీయం. దాని మూల మీద నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు, మూడు చుక్కలూ ఒక గీతా. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి చాకళ్లు పెట్టుకునే గుర్తు అది. మూడు చుక్కలంటే ఊరి మునసబు గారి ఇల్లు. మునసబు గారు కోర్టులో ఏమన్నారంటే, ఆ ఉత్తరీయం సోమవారం మాసిన బట్టల్లో వేశాను, ఇంకా ఉతికి తేలేదు, మా చాకలి లోవరాజు దగ్గరే ఉంది అని. లోవరాజు ఏమన్నాడంటే, ఉతికి, గంజి పెట్టి, బుధవారమే ఇచ్చేశాను అని. చాకలి మాట ఎవరు వింటారు? యావజ్జీవం వేశారు. పద్నాలుగు నెలలకి జైల్లో జ్వరమొచ్చి పోయాడు.

సూరన్న గారు ఆ లోవరాజు కొడుకు.

"ఆ ఉత్తరీయం ఇప్పుడు మాస్టారి బళ్లోనే కట్టిన స్మారక మందిరంలో అద్దాల పెట్టిలో ఉందండి. కింద బోర్డు. 'హంతకుడు లోవరాజు విడిచిపోయిన ఉత్తరీయం' అని. ముప్పై ఏళ్ల నుంచి అర్జీలు పెడతన్నానండి, ఆ పేరు తీసెయ్యండి బాబూ అని. మా నాన్న చెయ్యలేదండి."

"నేనా బళ్లోనే చదివానమ్మా, ఆరో క్లాసు దాకా" అంది వరం. "వర్ధంతికి మమ్మల్ని వరసగా నించోబెట్టి ఆ పెట్టి చూపించేవోరు. నా పక్కన పిల్ల బోర్డు చదివి, మీ తాతేగా అంది. ఆ మర్నాటి నుంచి నేను బడికెళ్లలేదు."

నాకు చాలా బాధేసింది. దానితోపాటు, దాచడం దేనికి, ఉత్సాహమూ కలిగింది. ఇంతకంటే తేలిక పరీక్ష మా యంత్రానికి ఉండదు. రక్తం పొర కింద చెమట ఉంటే, అది మాసిన బట్ట, మునసబు గారు చెప్పింది నిజం. రక్తం కింద గంజి ఉంటే, అది ఉతికిన బట్ట, లోవరాజు చెప్పింది నిజం. అంతే.

"వారం రోజుల్లో చెబుతాను సూరన్న గారూ" అన్నాను. "బట్టలో ఉన్నది ఎక్కడికీ పోదు."

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

వెళ్తూ వెళ్తూ ఆయన సంచిలోంచి ఒక పాత నేత చీర తీసి నా చేతికిచ్చారు. వాళ్లమ్మ అచ్చియ్యమ్మది. "మా ఇంటి ఉతుకు ఎట్టాగుంటదో యంత్రానికి తెలియాలి కదండి. రేవులో అందరూ వట్టి చౌడు మట్టి వాడితే, మా అమ్మ దాంట్లో ఉత్తరేణి బూడిద కలిపేదండి. ఇంకెవరూ కలిపేవోరు కాదు" అన్నారు. శాస్త్రం చదువుకున్న నాకు రావలసిన ఆలోచన అది, ఆయనకి వచ్చింది.

స్మారక మందిరం అధ్యక్షుడు గున్నేశ్వరరావు గారు, అదే బళ్లో హెడ్మాస్టరు చేసినాయన. ఎనభై దాటాయి. నేను పోట్లాటకి సిద్ధపడి వెళ్తే ఆయన కాఫీ తెప్పించారు. ఈమధ్య ఎవరో డాక్టరు వచ్చి, ఇన్నేళ్ల రక్తం ఇంత ఎర్రగా ఉండదండీ, ఇది అసలుదేనా అని పదిమందిలో అడిగాడట. ఆ మాట ఊళ్లో పడింది. పరీక్ష చేయించక తప్పదని ఆయనకీ తెలుసు.

"తీసుకెళ్లండమ్మా. లోవరాజు చెప్పింది నిజమని తేలితే ఆ బోర్డు నా చేత్తో నేనే తీయిస్తాను" అన్నారు. అద్దం తీస్తుంటే మాత్రం ఆయన ఆ మరక వైపు చూడలేదు. మాస్టారి మీద గౌరవం అనుకున్నాను.

మరక మీద నుంచి మొదటి పోగు తీసి యంత్రంలో పెట్టాను. పై పొర రక్తమే. మనిషిది కాదు, మేకది. దాని కింద ఇంకో పూత, అదీ మేకదే. దాని కింద మూడోది. అన్నిటికంటే పైపూతలో కాస్త రంగు కూడా కలిపారు. మూడు పూతల కింద మనిషి రక్తం కోసం చూస్తే సున్నం గీత తప్ప ఏమీ లేదు.

గున్నేశ్వరరావు గారికి ఫోన్ చేసి మూడు పూతల సంగతి చెప్పాను.

"మొదటిది నేను పుయ్యలేదమ్మా" అన్నారు. "అరవై ఎనిమిదిలో మందిరం కట్టినప్పుడు మునసబు గారి మనవడు పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. బట్ట అదే, గుర్తూ అదే. కానీ మల్లెపువ్వులా ఉంది. మరక లేదు. మరక లేని బట్ట పెట్టి పిల్లలకి ఏం చూపిస్తామని అప్పటి కార్యదర్శి గారు ఆ పని చేశారు. నేనప్పుడు కొత్తగా చేరాను. అది వెలిసిపోతే తర్వాత రెండుసార్లూ నేనే పూశాను. పిల్లలు అడిగేవారమ్మా, రక్తమేదీ మాస్టారూ అని."

ఆయన్ని తిట్టాలనిపించింది. తిట్టలేకపోయాను. ఆయన గొంతు అంత చిన్నదైపోయింది.

అంటే బట్ట అసలుది, రక్తం నకిలీది. కోర్టు నుంచి మునసబు ఇంటికి తిరిగి వచ్చాక దాన్ని ఎవరో ఉతికేశారు. ఉతికితే మాత్రమేం, మామూలు ఉతుక్కి కింది పొరలు చెరిగిపోవు. ఆశ పోలేదు. ఇంకో పోగు తీశాను, ఇంకోటి తీశాను. ప్రతిదాంట్లోనూ అదే కనిపించింది. ఏడు సున్నం గీతలు, పక్కపక్కనే. ఏడుసార్లూ మామూలు ఉతుకు కాదు, ఉబ్బ. చౌడు నీళ్లలో తడిపి, బాన మీద పెట్టి ఆవిరికి ఉడికించడాన్ని ఉబ్బ అంటారు. ఆ వేడికీ ఆ ఘాటుకీ చెమటా గంజీ రక్తమూ అన్నీ కొంచెం కొంచెంగా కరిగి బయటికి వచ్చేస్తాయి. ఏడు గీతల మధ్య ఎక్కడా చెమట లేదు, దుమ్ము కూడా లేదు. ఎవరూ కట్టుకోని బట్టని ఏడుసార్లు ఉబ్బ పెట్టడమేమిటి? యంత్రం తప్పు చదువుతోందనుకున్నాను. రెండు రోజులు దాన్ని విప్పి బిగించాను. మళ్లీ ఏడే చెప్పింది.

ఇక మిగిలింది అంచు. అంచు మడిచి కుట్టేస్తారు గనక ఆ మడతలోకి నీళ్లు సరిగా పోవు. అక్కడైనా మిగిలి ఉంటుందని కుట్టు విప్పి చూశాను. సూది చిల్లులు రెండు వరసలున్నాయి. అంటే నాకంటే ముందే ఎవరో కుట్టు విప్పి, మడత తెరిచి, ఉతికి, మళ్లీ కుట్టారు. అంత ఓపికగా ఉతికిన బట్టని నా జన్మలో చూడలేదు. అంచు పోగులన్నీ చదివేశాను. అవీ కాలిపోయాయి. వాటిలోనూ ఏమీ లేదు.

ఇక చెయ్యడానికేమీ లేక, అచ్చియ్యమ్మ చీర పోగు ఒకటి పెట్టి చూశాను. చౌడు, ఉత్తరేణి బూడిద. ఉత్తరీయం మీద ఏడు గీతల్లోనూ ఉన్నది అదే పాళ్లలో అదే కలగలుపు.

లోవరాజుని కాపాడగలిగిన ఒక్క సాక్ష్యాన్నీ ఉతికేసింది లోవరాజు భార్య.

మర్నాడు పొద్దున్న ఇంట్లో శ్రీహరి వాషింగ్ మెషీన్లోంచి బట్టలు తీసి ఆరేస్తున్నాడు. పసుపు మరక పడ్డ చొక్కా ఒకటి పైకెత్తి వెలుతురుకి చూసి మళ్లీ లోపల పడేశాడు.

"పోలేదా?" అన్నాను.

"పోలేదు. పోతే మళ్లీ ఎందుకు వేస్తాను?"

"పోయాక కూడా ఎవరైనా మళ్లీ మళ్లీ ఉతుకుతారా?"

నా మొహం చూసి వేళాకోళం మానేశాడు. "బట్ట కోసమైతే ఉతకరు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం గున్నేశ్వరరావు గారే మళ్లీ ఫోన్ చేశారు. కమిటీ కూర్చుందట. బట్ట తీసేస్తారట, నకిలీ మరక పెట్టినందుకు ఊరికి క్షమాపణ కూడా రాసిపెడతారట. "కానీ బోర్డు మీది పేరు కోర్టు తీర్పమ్మా. దాన్ని కాదనడానికి బట్ట ఏమన్నా చెప్పాలి కదా, అది ఏమీ చెప్పలేదు. పేరు ఉంచుదామన్నారు అందరూ. నేనొక్కణ్ణే వద్దన్నాను" అన్నారు. ఆ పెద్దమనిషి అబద్ధం చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది.

నివేదిక చిత్తుప్రతిలో 'ఉతికినవారు ఎవరో తెలియదు' అని రాసి ఉంచాను. తెలుసు అని రాస్తే రేపు ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. పెళ్లామే సాక్ష్యం మాపేసింది, ఇంకేం కావాలి అంటారు. ఆ కాగితం సంచిలో పెట్టుకుని సూరన్న గారింటికి వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. వరం అరుగు మీద చాప వేసింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. మేక రక్తం సంగతి, బోర్డు సంగతి, మరక కింద ఏమీ మిగల్లేదన్న సంగతి. ఉతికింది ఎవరో కూడా చెప్పాను. దారి పొడుగునా చెప్పకూడదనుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా కూర్చున్నాక దాచలేకపోయాను.

వరం మొహం తిప్పేసుకుంది. "నానమ్మా" అంది, అంతే.

సూరన్న గారు గోడకి ఆనుకుని తన అరచేతులు చూసుకున్నారు. వారం రోజులన్నారు, బట్టలో ఉన్నది ఎక్కడికీ పోదన్నారు అని కోప్పడతారనుకున్నాను. ఆయన ఆ మాట ఎత్తలేదు.

"నాన్నని జైలుకి పట్టుకెళ్లిపోయాక కూడా మునసబు గారింటి బట్టలు మా అమ్మే ఉతికిందండి. మానేస్తే మాకు ఊళ్లో గింజ పుట్టదు. ఓసారి మూటలో ఏదో బట్టొచ్చింది. దాన్ని మిగతావాటితో కలపలేదు. విడిగా ఉబ్బేసింది. మర్నాడు మళ్లీ వేసింది. మునసబు గారింటి నుంచి మనిషొచ్చి అడిగితే ఇంకా అవలేదని చెప్పి పంపేసింది. అట్టా వారం పైన. చౌడుకి చేతులు పగిలిపోయి అన్నం కలుపుకోలేకపోయేది, నేను కలిపి పెట్టేవోణ్ణి."

"గుర్తుందా మీకు?"

"అది కాదండి గుర్తున్నది. ఆఖరి రోజు రేవు నుంచి పరిగెత్తుకుంటా వచ్చింది. మా అమ్మ పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. నన్ను గట్టిగా పట్టుకుని, 'వదిలిందిరా సూరిగా, వదిలింది, మొత్తం వదిలింది' అంది. నాకు ఆరేళ్లండి. నాన్నని వదిలేశారు అని చెప్పిందనుకున్నాను. ఒక్క ఉదుటున పడవ రేవుకి పోయి కూర్చున్నాను, నాన్న పడవ దిగుతాడని. ఆఖరి పడవ దాకా కూర్చున్నానండి. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంటికి పద అని కూడా అనలేదు."

వరం ఇటు తిరిగింది. ఈ సంగతి ఆమె కూడా ఎప్పుడూ విన్నట్టు లేదు.

"తర్వాత నాన్న పోయేడని కాగితం వచ్చింది. పెద్దయ్యాక నాకు నేనే నచ్చజెప్పుకున్నానండి. అమ్మ బట్ట గురించేదో చెబితే, బుద్ధి తెలియక నేను మనిషి గురించి విన్నానని. ఆ రోజు అమ్మని అంతసేపు రేవులో కూర్చోబెట్టినందుకు ఇన్నేళ్లూ సిగ్గుపడతా ఉన్నానండి."

నేను మెల్లిగా చెప్పాను. "సూరన్న గారూ, మరక మొదటి మూడు ఉబ్బల్లోనే కంటికి కనబడకుండా పోయుంటుంది. తర్వాత ఇంకో నాలుగుసార్లు పెట్టారు మీ అమ్మగారు. అంచు కుట్టు విప్పి మరీ ఉతికారు. మునసబు గారి కోసమైతే అంత అక్కర్లేదు."

ఆయన నా వైపు చూశారు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎనభై ఏళ్లు ఒకలాగా మోసిన మాటని ఇంకోలాగా తిప్పి చూసుకుంటున్నారు.

"మరక పోతే కేసు కూడా పోద్దనుకుంది" అన్నారు. "ఆవిడకి చేతనైంది అదొక్కటే కదండి."

"అనుకునే ఉంటారు."

"అయితే నేను తప్పు వినలేదండి. అమ్మ చెప్పింది నాన్న గురించే. నన్ను ఇంటికి పిలవడానికి కాదు వచ్చింది. తనూ నాన్న కోసమే కూర్చుంది."

అప్పుడు ఏడ్చారు. పెద్దగా కాదు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. వరం వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది. నాకూ కళ్లవెంట నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

తేరుకున్నాక, నేను సంచిలోంచి తీసిన కాగితం చూసి అందులో ఏం రాశారని అడిగారు. చదివి వినిపించాను. తల అడ్డంగా ఊపారు.

"తెలియదని రాయకండి. అచ్చియ్యమ్మ ఉతికిందని రాయండి. అనేవోళ్లు ఎట్టాగూ అంటారు."

"బోర్డు అలాగే ఉండిపోతుందండీ."

"ఉండనీండి. ఇంక నేను అర్జీలు పెట్టలేను."

కలం తీసి కొట్టేసి, పేరు రాశాను. ఎన్ని ఉబ్బలో కూడా అంకె వేశాను. వరం మజ్జిగ ఇచ్చింది, తాగాను. బయల్దేరుతుంటే సూరన్న గారు గుమ్మం దాకా వచ్చి, "మరీ అంత బాగా ఉతికిందాండి మా అమ్మ?" అని అడిగారు. ఆ అడగడంలో దుఃఖంతో పాటు కాస్త గర్వం కూడా ఉంది.

"చాలా బాగా ఉతికారు" అన్నాను.

అది నిజమే. ఇంకో నిజం కూడా నాకు తెలుసు. ఒక్క ఉబ్బకి పోగు నడుమ దాకా అంతా కరిగిపోదు. రెండింటికీ పోదు. కంటికి మరక కనబడకపోయినా, మూడో ఉబ్బ దగ్గర ఆగి ఉంటే కూడా ఆ బట్టలో నాకు చాలినంత రక్తం ఉండేది. లోవరాజు బుధవారం పెట్టిన గంజి ఉంటే దాని కింద అదీ ఉండేది. ఆ సంగతి నివేదికలో రాయలేదు. ఆయనకీ చెప్పలేదు. ఆటో ఎక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి చూస్తే, తండ్రీ కూతురూ ఇంకా గుమ్మంలోనే నించుని ఉన్నారు.